ఫొటో చావడి: ఆ తల్లి పేరేమిటి?

గత సంచికలో ఈ పేజీల్లో నాలుగు పాత ఫొటోలు వేశాం. కాలిఫోర్నియా బఠాణీ చేల పక్కన గుడారంలో పిల్లల్ని పొదువుకుని కూర్చున్న తల్లి. ఓక్లహోమా దుమ్ము తుఫానులో తల వంచుకుని నడుస్తున్న రైతు, అతని కొడుకులు. వాషింగ్టన్‌లో జెండా ముందు చీపురు పట్టుకుని నిలబడ్డ ఎల్లా వాట్సన్. న్యూమెక్సికోలోని పై టౌన్‌లో ఊరంతా కలిసి చేస్తున్న భోజనాలు. ఈ శీర్షిక మొదలయ్యాక ఇన్ని ఉత్తరాలు దేనికీ రాలేదు. సగం మెచ్చుకోళ్లు, సగం దెబ్బలాటలు. మెచ్చుకోళ్లు నా దగ్గరే దాచుకుని దెబ్బలాటలకి జవాబు రాస్తున్నాను.

కొత్త పాఠకులకి ఒక మాట. నేను పెన్సిల్వేనియాలో, పిట్స్‌బర్గ్ పక్కన మోన్ నది ఒడ్డు స్టీలు ఊళ్లలో, ఒక చిన్న వారపత్రిక డార్క్‌రూమ్‌లో పని చేసి రిటైరైనదాన్ని. నేను తీసిన ఫొటోలకంటే ఇంకొకరు తీసినవి కడిగి, ఆరబెట్టి, వాటి కింద పేర్లు రాసినవే ఎక్కువ. కాబట్టి నా అభిప్రాయాల్లో ఫొటోలు కడిగే హైపో రసాయనం వాసన కొంచెం కొడుతుంది. సర్దుకుపోండి.

ప్ర: బఠాణీ చేల తల్లి ఫొటో ఫ్రేము కట్టించి మా హాల్లో పెట్టుకున్నాను. తీసినావిడ ఆ తల్లికి మాటిచ్చి తప్పిందని, ఆ ఫొటోతో ఎందరికో పేరొచ్చినా ఆమెకి పైసా దక్కలేదని మా స్నేహితురాలు అంటోంది. ఫ్రేము తీసేయనా? (డాలస్ నుంచి ఒక పాఠకురాలు)

జ: తీయకండి. వెనక అట్ట మీద మాత్రం ఒక పేరు రాసి పెట్టండి: ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. ఆ పేరు లోకానికి తెలియడానికి 1978 దాకా పట్టింది.

1936 మార్చి. ప్రభుత్వ జీతం మీద ఫొటోలు తీసే డొరోథియా లాంగ్ నెలపాటు ఊళ్లు తిరిగి, ఒక్కరే కారు నడుపుకుంటూ వానలో ఇంటికి పోతున్నారు. నిపోమో దగ్గర రోడ్డు పక్కన బఠాణీ కోత కూలీల క్యాంపు అని బోర్డు కనబడింది. ఆగలేదు. ఒక 20 మైళ్లు పోయాక మనసు ఒప్పుకోక బండి వెనక్కి తిప్పారు. చలికి పంట పోయింది, కోతలు లేవు, కూలీలు ఎటూ కదలలేక అక్కడే చిక్కుకుపోయారు. గుడారం ముందు ఈ తల్లి. లాంగ్ తన గ్రాఫ్లెక్స్ కెమెరాతో ముందు దూరం నుంచి తీసి, ఒక్కో ఫొటోకీ కాస్త దగ్గరికి జరిగారు. మొత్తం పది నిమిషాల పని. వయసు అడిగారు, 32 అని చెప్పింది. పేరు అడగలేదు. ఆ సంగతి తర్వాతి కాలంలో లాంగ్ తానే చెప్పారు.

శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికలో ఆ క్యాంపు ఫొటోలు పడ్డాయి. ప్రభుత్వం 20,000 పౌన్ల తిండి సరుకులు పంపింది. క్యాంపుకి అన్నం దొరికింది. అప్పటికే ఈ కుటుంబం కారు బాగు చేయించుకుని వేరే పని వెతుక్కుంటూ వెళ్లిపోయింది. తన మొహం తెప్పించిన తిండిలో ఒక్క ముద్ద కూడా ఆ తల్లి నోట్లోకి పోలేదు. కారు టైర్లు అమ్ముకుని తిండి కొనుక్కున్నారని లాంగ్ రాసుకున్నారు. మేం టైర్లు అమ్మలేదు, అమ్ముకుంటే ఆ ఊరు ఎలా దాటేవాళ్లం అని కుటుంబం అంటుంది. నాకు కుటుంబం మాటే సబబుగా తోస్తుంది. ఆవిడ చెరకీ జాతి మనిషి అన్న సంగతీ అప్పట్లో ఎవరికీ పట్టలేదు. చూసినవాళ్లంతా ఆమెని దుమ్ము తుఫాను తరిమిన తెల్ల రైతు భార్య అనే అనుకున్నారు.

డబ్బు సంగతికొస్తే, అది ప్రభుత్వ ఫొటో. దాని మీద లాంగ్‌కీ రాయల్టీ లేదు, జీతమే. అయితే పేరూ, పేరుతో వచ్చే అవకాశాలూ తీసినవాళ్లకే వస్తాయి. 1978లో థాంప్సన్ మొడెస్టో పత్రికకి తన సంగతి చెప్పుకున్నప్పుడు కోపంగానే ఉన్నారు. కాపీ పంపుతానన్నారు, పంపలేదు అన్నారు. 1983లో ఆవిడ జబ్బు పడితే వైద్యం ఖర్చుకి పిల్లలు పత్రికల ద్వారా జనాన్ని అడిగారు. ఆ ఫొటో తెలిసినవాళ్లు దేశం నలుమూలల నుంచి 35,000 డాలర్లకి పైగా పంపారు. ఆ ఏడే ఆవిడ పోయారు.

మీ హాల్లో ఫ్రేము దగ్గరికెళ్లి కుడి కింది మూల చూడండి. అక్కడ గుడారం కర్రని పట్టుకున్న బొటనవేలు ఒకటి ఉండేది. 1939లో లాంగ్ దాన్ని నెగెటివ్ మీద చెరిపించారు. మీ ప్రింటులో వేలి నీడ మసగ్గా కనబడొచ్చు. నాకైతే వేలు ఉన్న ఫొటోయే ఇష్టం. మా వారపత్రిక ఎడిటర్‌కి వేళ్లూ మోచేతులూ అడ్డొచ్చినా ఫరవాలేదు కానీ, పేరు లేకుండా ఫొటో ఇస్తే మొహాన కొట్టేవాడు.

ప్ర: ఆ ఫొటోలన్నీ రూజ్వెల్ట్ ప్రభుత్వం ప్రచారానికి తీయించినవేనట. ప్రచార ఫొటోలని పట్టుకుని సత్యం, డాక్యుమెంటరీ అని ఎందుకు మోస్తారు? (న్యూజెర్సీ నుంచి ఒకరు, సంతకం లేదు)

జ: ప్రచారమే. దాచేదేముంది? 1935లో పుట్టి 1937లో ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్‌గా మారిన ఆ ఆఫీసు పని చితికిన రైతుకి అప్పులివ్వడం, కూలీలకి క్యాంపులు కట్టడం. దానికి కాంగ్రెస్ డబ్బు మంజూరు చేయాలంటే కష్టం కళ్లకి కట్టాలి. ఫొటో విభాగం పెద్ద రాయ్ స్ట్రైకర్ ఆర్థికశాస్త్రం పాఠాలు చెప్పి వచ్చినాయన. మనిషిని ఊరికి పంపే ముందు ఏమేం తీయాలో పట్టీ రాసి చేతిలో పెట్టేవారు. మొదటి ఏళ్లలో తనకి నచ్చని నెగెటివ్‌కి పంచ్‌తో కన్నం కొట్టేసేవారు. ఆ నెగెటివ్‌లు ఇంకా ఉన్నాయి. ఒకదాంట్లో మొహం మీద, ఇంకోదాంట్లో ఆకాశంలో నల్ల చందమామలా ఆ మచ్చ కనబడుతుంది.

అదే విభాగంలో ఫొటోలు తీసిన ఆర్థర్ రోత్‌స్టీన్ గొడవ కూడా మీకు తెలిసే ఉంటుంది. 1936లో సౌత్ డకోటాలో బీటలు వారిన నేల మీద దొరికిన పశువు పుర్రెని ఆయన కొన్ని అడుగులు అటూ ఇటూ జరిపి రకరకాలుగా తీశారు. అది ఎన్నికల ఏడాది. ఫార్గో పత్రిక ఒకటి కరువంతా నాటకమని దుమ్మెత్తిపోసింది. పుర్రె జరిపిన మాట నిజం, కరువూ నిజం. నేనైతే జరపను. కానీ పుర్రెని పట్టుకుని కరువే లేదన్నవాళ్ల తెలివికి మాత్రం దండం పెట్టాలి.

ఆ విభాగం నెగెటివ్‌లు నలుపు-తెలుపువే 1.75 లక్షల దాకా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. కంప్యూటర్లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, దించుకోవచ్చు. మీరున్న కౌంటీ పేరు కొట్టి చూడండి. కిరాణా కొట్టు అల్మరా, క్షౌరశాల, ప్రార్థన అయ్యాక చర్చి వాకిట్లో నిలబడ్డ జనం. ఇందులో ఏ పథకానికి ఎంత ప్రచారం జరిగిందో మీరే లెక్కేసి నాకు రాయండి. ఈసారి సంతకంతో.

ప్ర: మా పిల్లాడికి చూపిస్తే ఇదంతా మ్యూజియం సరుకు, ఇప్పుడు ఇలాంటివి లేవు అంటున్నాడు. (అట్లాంటా)

జ: పిల్లాడికి రెండు సంగతులు చెప్పండి. 2023లో పేదరిక రేఖ కింద ఉన్నవాళ్లు 11.1 శాతమని సెన్సస్ బ్యూరో లెక్క. అంటే 3 కోట్ల 68 లక్షల మంది. ఆ రేఖ గీసే పద్ధతి 1960ల్లో మోలీ ఓర్షాన్‌స్కీ అనే ప్రభుత్వోద్యోగిని తయారు చేసింది: ఒక కుటుంబం తక్కువలో తక్కువ తిండికి పెట్టే ఖర్చుకి మూడు రెట్లు. అద్దెలు ఎంత పెరిగాయో ఆ లెక్కకి నేరుగా పట్టదు.

రెండోది, మాట్ బ్లాక్ ఫొటోలు చూపించండి. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీ మనిషి. జనంలో 20 శాతానికి పైగా పేదరికంలో ఉన్న ఊళ్లనే కలుపుకుంటూ 46 రాష్ట్రాలు, లక్ష మైళ్లు తిరిగాడు. మ్యూజియం సరుకైతే ఇంత పెట్రోలు ఖర్చవదు.

ప్ర: జెండా, చీపురు, మాపు, మధ్యలో మనిషి. ఎల్లా వాట్సన్ ఫొటో కూడా నిలబెట్టి తీసిందే కదా మేడమ్? పుర్రె తప్పైతే ఇది ఒప్పెలా అవుతుంది? (చికాగో)

జ: మంచి ప్రశ్న. నిలబెట్టి తీసిందే. తీసిన గోర్డన్ పార్క్స్ అది దాచలేదు కూడా. గ్రాంట్ వుడ్ 1930లో వేసిన ‘అమెరికన్ గోథిక్’ అనే రైతు, కూతురు బొమ్మకి అది సూటి జవాబు. అక్కడ గడ్డి ఎత్తే పార, ఇక్కడ చీపురు. చూసినవాడికి ఇది కావాలని పెట్టిన భంగిమ అని వెంటనే తెలుస్తుంది. పుర్రె తనంతట తానే అక్కడ పడి ఉన్నట్టు కనబడింది. నా లెక్కలో తేడా అంతే.

గోర్డన్ పార్క్స్ రైలు భోజనశాలలో వెయిటరుగా ఉండగా ఎవరో వదిలేసిన పత్రికలో ఈ స్ట్రైకర్ మనుషుల ఫొటోలు చూసి, తాకట్టు కొట్లో కెమెరా కొనుక్కున్నారు. 1942లో ఫెలోషిప్ మీద అదే ఆఫీసుకి చేరారు. నల్లవాడని వాషింగ్టన్‌లో సినిమా హాల్లోకి రానివ్వలేదు, హోటల్లో అన్నం పెట్టలేదు. మంటతో తిరిగొస్తే స్ట్రైకర్, ఇక్కడే ఉన్న పెద్దవాళ్లతో మాట్లాడు అన్నారు. ఆ భవనం ఊడ్చే ఎల్లా వాట్సన్‌తో మాట కలిపారు. ఏడాదికి 1,080 డాలర్ల జీతం, దాని మీద ఆరుగురి సంసారం.

అందరూ ఆ ఒక్క ఫొటో దగ్గర ఆగిపోతారు. నేను ఆగొద్దంటాను. పార్క్స్ ఆ తర్వాత ఆవిడ వెంట ఇంటికి వెళ్లారు, చర్చికి వెళ్లారు. ఇంట్లో మనవలతో ఆవిడ, పక్కన అద్దంలో పెంపుడు కూతురు. సెయింట్ మార్టిన్స్ అనే చిన్న చర్చిలో, చుట్టూ గులాబీలు పేర్చిన నీళ్ల గిన్నెలో పాస్టరు నిలబడి, ఒక్కో పువ్వునీ దీవించి ఒక్కొక్కరికీ ఇస్తున్నారు. జెండా ముందు కొయ్యబారి నిలబడ్డ ఆవిడకి ఆదివారం పూట ఒక లోకం ఉందని, అందులో ఆవిడకి ఒక స్థానం ఉందని అప్పుడు తెలుస్తుంది. జెండా ఫొటో ప్రభుత్వాన్ని నిలదీస్తుంది. మిగతావి ఆవిడ ఎవరో చెబుతాయి. ఒకటే వేయమంటే పత్రికలవాళ్లం ఎప్పుడూ మొదటిదే వేస్తాం, మొన్న మేమూ అదే చేశాం.

ప్ర: ఆంటీ, నేను ఒహాయోలో చదువుకుంటున్నాను. మా ఊళ్లో చర్చి కింద, లేనివాళ్లకి ఉచితంగా సరుకులు పంచే ఫుడ్ ప్యాంట్రీ ఉంది. శనివారం పొద్దున్నే వీధి చివరిదాకా క్యూ ఉంటుంది. క్లాసు ప్రాజెక్టుకి తీద్దామనుకుంటున్నాను. వీధిలో తీయడానికి చట్టం ఒప్పుకుంటుందని మా ప్రొఫెసర్ అన్నారు. జాగ్రత్తలు చెప్పండి. (ఒక విద్యార్థి)

జ: ఆంటీ అన్నావు కాబట్టి నువ్వు అంటాను. మీ ప్రొఫెసర్ చెప్పింది నిజమే. బహిరంగ స్థలంలో నిలబడి కంటికి కనబడేది తీసుకోవడం అమెరికాలో నేరం కాదు. చర్చి మెట్లు ఎక్కితే మాత్రం అది వాళ్ల స్థలం, వాళ్ల మాటే చెల్లుతుంది. కానీ చట్టం సంగతి అక్కడితో సరి. క్యూలో నిలబడ్డవాళ్లకి నీకు తెలియని భయాలుంటాయి. ఒకామె భర్త నుంచి తప్పించుకుని ఆ ఊరొచ్చి ఉండొచ్చు. ఒకతనికి పిల్లల కస్టడీ కేసు నడుస్తుండొచ్చు, తిండికి క్యూ కట్టాడన్న ఫొటో అవతలి లాయరు చేతిలో పడితే ఏమవుతుందో ఆలోచించు. కాగితాలు సరిగ్గా లేనివాళ్లు ఉండొచ్చు. నిన్నటిదాకా అక్కడే సరుకులు పంచి, ఉద్యోగం పోయి ఇవాళ క్యూలో నిలబడ్డ మనిషి ఉండొచ్చు. పొద్దునపూట కెమెరా తీసుకుని రోడ్డుకి అవతల నిలబడి దూరాన్ని దగ్గర చేసే పొడుగు లెన్స్ పెట్టేవాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ముందు కెమెరా లేకుండా వెళ్లు. పెట్టెలు మొయ్యి, డబ్బాలు సర్దు. నడిపేవాళ్లతో మాట్లాడు. ఎవరు ఎవర్ని పలకరిస్తారో, ఎవరు పక్కింటివాళ్లకి కూడా సరుకులు పట్టుకెళ్తారో గమనించు. కెమెరా తీశాక క్యూ వైపు కాకుండా, క్యూలో ఉన్నవాళ్లు చూసే వైపు తియ్యి. వాళ్లకేం కనబడుతుంది? అల్మరా మీద కుటుంబానికి రెండే అని అంటించిన చీటీ. తాళం చెవుల గుత్తితో ఎదురుగా వచ్చే మనిషి. ఫొటోకి ఒప్పుకున్నవాళ్లని, పేరు వేయొచ్చా అని వేరేగా అడుగు. ఆ రెండూ వేర్వేరు అనుమతులు. పేరు స్పెల్లింగు వాళ్ల చేతే రాయించుకో. పిల్లల్ని తీయకు. తీసేయమంటే వాళ్ల ఎదురుగానే తీసేయి, బతిమాలకు.

మా వ్యాలీలో మిల్లులు మూతపడ్డాక చర్చి బేస్‌మెంట్లలో పిరోగీలు చేసి అమ్మడం బాగా నడిచింది. మైదా రేకులో బంగాళాదుంప ముద్ద పెట్టి, మడిచి, ఉడకబెట్టేవి. చర్చి కప్పుకీ, కరెంటు బిల్లుకీ ఆ డబ్బే. మా ఫొటోగ్రాఫర్ రాని రోజున నన్ను పంపారు. అక్కడ పెత్తనం చేసే ముసలావిడ, నా మొహం చూసి ఎవడు కొంటాడు, ఆ గోడ మీది కాగితం తియ్యి అంది. ఆర్డర్ల కాగితం అది. పేర్లు, ఎన్ని డజన్లు, బంగాళాదుంపా క్యాబేజీయా, డబ్బు ముట్టిందా లేదా. చివరి వరుసలో కొన్ని పేర్లకి మాత్రం చిన్న ఇంటూ గుర్తు. నేను ఫోకస్ చేస్తుంటే ఆవిడ గబగబా వచ్చి, పిండి చేతిని ఆ వరుస మీద అడ్డం పెట్టి, ఇప్పుడు తీసుకో అంది. ఆ ఇంటూ గుర్తులు డబ్బు అడగకూడని ఇళ్లవి. మా పత్రికలో ఆ ఫొటో అలాగే పడింది: కాగితం, దాని మీద పిండి అంటిన చెయ్యి, కింద ఆవిడ పేరు. ఊళ్లో చూసినవాళ్లందరికీ ఆ చెయ్యి ఏం దాస్తోందో తెలుసు. ఎవరి పేర్లో మాత్రం తెలియలేదు.

నీ ప్రాజెక్టుకి అలాంటిదొక్కటి దొరికినా మీ ప్రొఫెసర్ మార్కులు వేయకపోతే నాకు రాయి.

ప్ర: తూర్పు కెంటకీలో కారులో పోతూ కొండ దారిన ఒక పాత ఇంటి వరండా చాలా బాగుందని ఫొటో తీశాను. ఇంటాయన కేకలేసుకుంటూ వచ్చాడు. నేను ఆ ఇంటి అందమే తీశాను. అంత కోపం దేనికి? (షార్లెట్)

జ: మీ మీద కాదు, మీ కంటే ముందు వచ్చినవాళ్ల మీద. 1964లో ప్రెసిడెంట్ జాన్సన్ ఆ కొండల్లో ఇనెజ్ అనే ఊళ్లో ఒక ఇంటి వరండాలో కూర్చుని మాట్లాడారు, పేదరికం మీద యుద్ధం అన్నారు. ఆ వెనకే టీవీలు, పత్రికలు దండెత్తాయి. వచ్చిన ప్రతివాడికీ చెప్పుల్లేని పిల్లలు, కూలిన మెట్లు కావాలి. వంద గజాల అవతల తెల్ల రంగేసిన ఇల్లుంటే అది ఎవడికీ అక్కర్లేదు. ఆ కొండల బొగ్గు మీద బాగుపడ్డవాళ్ల ఇళ్లు సరేసరి, వాటి జోలికి కెమెరా పోలేదు.

1967లో లెచర్ కౌంటీలోని జెరెమయా అనే ఊళ్లో అది ప్రాణం మీదికి తెచ్చింది. హ్యూ ఓ’కానర్ అనే కెనడా సినిమా ఆయన, అద్దె ఇంట్లో ఉన్న ఒక గని కార్మికుణ్ణి అతని అనుమతితోనే చిత్రీకరిస్తున్నాడు. ఇళ్ల యజమాని తుపాకీతో వచ్చి నా స్థలం లోంచి పొమ్మన్నాడు. వాళ్లు సామాను సర్దుకుని కదులుతుండగానే కాల్చాడు. ఓ’కానర్ చనిపోయాడు. ఆ చుట్టుపక్కల జనం చాలామంది కాల్చినవాడి వైపే నిలబడ్డారు. హత్య హత్యే. కానీ జనం ఎందుకు అలా నిలబడ్డారన్నది తెలియకుండా ఆ కొండల్లో కెమెరా ఎత్తకూడదు.

రెండేళ్లకి, 1969లో, అదే కౌంటీలోని వైట్స్‌బర్గ్‌లో ఆపల్‌షాప్ మొదలైంది. పేదరికం మీద యుద్ధం డబ్బుతోనే, అక్కడి కుర్రాళ్లకి సినిమా పని నేర్పడానికి. ఇప్పటికీ ఉంది. 2022 జూలై వరదలో వాళ్ల ఆర్కైవ్ మునిగింది. బురద కడిగి, టేపులు ఆరబెట్టి మళ్లీ నిలబెట్టుకుంటున్నారు. ఆ ప్రాంతం చూడాలనిపిస్తే ముందు వాళ్లు తీసుకున్నవి చూడండి. ఇంకోసారి వరండా నచ్చితే కారు దిగి, తలుపు తట్టి, బాగుంది తీసుకోవచ్చా అని అడగండి. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చినా ఆశ్చర్యపోకండి.

ప్ర: మీకు అందరికంటే ఇష్టమైన ఫొటోగ్రాఫర్ ఎవరు? ఒక్క పేరే చెప్పాలి. (సియాటిల్)

జ: మిల్టన్ రోగోవిన్. కళ్లజోళ్ల డాక్టరు.

వేళాకోళం కాదు. న్యూయార్క్ రాష్ట్రం బఫెలోలో ఆప్టోమెట్రిస్టు. 1957లో అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ కమిటీ పిలిచింది. అడిగినదానికి జవాబు చెప్పలేదు. మర్నాడు పత్రికలో బఫెలో ఎర్రవాళ్లకి, అంటే కమ్యూనిస్టులకి, పెద్ద అని పడింది. కళ్ల పరీక్షకి వచ్చేవాళ్లు సగానికి సగం పడిపోయారు. నోరు మూయించారు కదా, కెమెరాతో మాట్లాడదాం అనుకున్నారు. ముందు నల్లవాళ్ల వీధి చర్చిలు తీశారు. 1972లో తన ఆఫీసుకి దగ్గర్లోనే ఉన్న లోయర్ వెస్ట్ సైడ్ మొదలుపెట్టారు. ఆరు వీధుల మేర. ప్యూర్టోరికోవాళ్లు, నల్లవాళ్లు, ఇటాలియన్లు, ఆదివాసీ కుటుంబాలు. పోలీసు మనిషేమోనని మొదట ఎవరూ నమ్మలేదు. తీసిన ప్రతివాళ్లకీ ప్రింటు తెచ్చిచ్చారు. అప్పుడు నమ్మారు.

ఆయన వాడింది రోలీఫ్లెక్స్. దాంట్లో తల వంచి పైనుంచి చూడాలి, ఎదుటి మనిషి మొహానికి గురిపెట్టినట్టుండదు. ఇలా నిలబడు, అలా నవ్వు అనేవారు కాదు. ఎక్కడ, ఎవరితో, ఎలా నిలబడాలో వాళ్ల ఇష్టం. అందుకే ఆ ఫొటోల్లో జనం తమకి నచ్చిన చొక్కా వేసుకుని, తమ టీవీ పక్కన, తమ కుక్కతో ఉంటారు. పేదవాళ్లని తెలుస్తూనే ఉంటుంది, కానీ మొదట తెలిసేది అది కాదు.

అసలు సంగతి ఇది. పదేళ్లు గడిచాక 1984లో పాత ప్రింట్లు చేతపట్టుకుని, భార్య యాన్‌తో కలిసి, ఈ మనిషి ఎక్కడున్నాడు అని వీధి వీధి తిరిగి అదే మనుషుల్ని మళ్లీ తీశారు. 1992లో మళ్లీ. 2000లో, తొంభై దాటాక, మళ్లీ. ఒకే మనిషివి నాలుగు ఫొటోలు వరసగా. ఒకరి పక్కన ఉన్న మనిషి మారిపోతాడు, ఒకరి ఒళ్లో పాప తర్వాతి దాంట్లో తన పాపని ఎత్తుకుంటుంది, కొందరు మధ్యలోనే పోయారు. ఒక్క ఫొటో చూస్తే కష్టం కనబడుతుంది. నాలుగూ చూస్తే ఆ కష్టంలోంచి ఎలా నెట్టుకొచ్చారో, ఎవరు నెట్టుకురాలేకపోయారో కనబడుతుంది. పది నిమిషాల్లో తీసినది ఎంత గొప్పదైనా ఈ పని చేయలేదు. లాంగ్ మీద నాకున్న గౌరవం ఎక్కడికీ పోలేదు, కానీ రెండోసారి వెళ్లినవాళ్ల వైపే నా ఓటు.

స్టీలు కార్మికుల్ని కూడా అలాగే తీశారు. మిల్లులో మసితో, రక్షణ టోపీతో ఒకటి, ఇంట్లో ఒకటి. అదే మనిషా అని రెండుసార్లు చూడాల్సి వస్తుంది. 1983లో బఫెలో పక్కనున్న లాకవానాలో స్టీలు తయారీ ఆగిపోయాక వాళ్లలో కొందర్ని వెతికి మళ్లీ తీశారు. చరిత్రకారుడు మైకేల్ ఫ్రిష్ వాళ్ల మాటలు రికార్డు చేశారు. రోగోవిన్ 2011లో, 101 ఏళ్ల వయసులో పోయారు.

ప్ర: ఇలాంటి ఫొటోల్లో జనం నవ్వుతూ, వండుకుంటూ, ఒకరికొకరు సాయం చేసుకుంటూ కనబడితే చూసేవాళ్లకి హాయిగా ఉంటుంది. మిల్లు మూసినవాళ్లకి అంతకంటే హాయిగా ఉండదా? (పిట్స్‌బర్గ్)

జ: మా ఊరివాళ్లే అడగాల్సిన ప్రశ్న ఇది. ఉంటుంది. ఎలా ఉంటుందో బ్రాడక్ మనకి చూపించింది. ఆండ్రూ కార్నెగీ 1875లో మొదటి స్టీలు మిల్లు పెట్టిన ఊరు. ఒకప్పుడు 20,000 దాకా జనం, ఇప్పుడు 2,000 లోపు. 2010లో ఊళ్లో ఉన్న ఒక్క ఆసుపత్రీ మూసేశారు. అదే ఏడాది ఒక జీన్స్ కంపెనీ ప్రకటనలకి ఈ ఊరినే ఎంచుకుంది. కష్టజీవులు, మళ్లీ లేచి నిలబడే ఊరు, అందమైన వెలుతురు. కంపెనీ ఊరికి డబ్బూ ఇచ్చింది, కాదనను. కానీ ఆ ప్రకటనల్లో ఆసుపత్రి లేదు.

లటోయా రూబీ ఫ్రేజియర్ ఆ ఊరి పిల్ల. పదహారో ఏటి నుంచి అమ్మనీ, అమ్మమ్మనీ, తననీ తీసింది. అమ్మమ్మ మంచం, అమ్మ ఆపరేషన్లు, ఆసుపత్రిని కూల్చిన ఖాళీ. ఆ ప్రకటనలు వచ్చినప్పుడు న్యూయార్క్‌లో ఆ కంపెనీ పెట్టిన వర్క్‌షాపు ముందు, వాళ్ల బట్టలే తొడుక్కుని, అవి చిరిగేదాకా ఒళ్లు ఫుట్‌పాత్‌కి రాస్తూ పాకింది. ఫొటోలో సాయం చేసుకునే జనం ఉండొచ్చు, ఉండాలి కూడా. ఆ సాయం ఎందుకు అవసరమైందో పక్కనే ఉండాలి. ఆమె ఫొటోల్లో ఆ రెండూ ఒకే గోడ మీద ఉంటాయి.

2014లో మిషిగన్‌లోని ఫ్లింట్ ఊరికి నది నీళ్లు మళ్లించి, పైపుల్లోని సీసం జనం గ్లాసుల్లోకి దిగింది. 2016లో ఆమె ఒక స్కూలు బస్సు డ్రైవరు కుటుంబంతో నెలల తరబడి ఉండి తీసింది. అక్కడితో ఊరుకోలేదు. ఫొటోల మీద వచ్చిన డబ్బు పెట్టి, 2019లో గాలిలోంచి నీళ్లు తీసే యంత్రాన్ని ఆ ఊరికి తెప్పించింది. జనం డబ్బాలతో వచ్చి పట్టుకెళ్లారు. అవీ తీసింది. ఒహాయో లార్డ్స్‌టౌన్‌లో కార్ల ఫ్యాక్టరీ మూసినప్పుడు యూనియన్ హాలుకి వెళ్లింది, కార్మికుల మాటల్ని వాళ్ల ఫొటోల పక్కనే, ఫొటో అంత పెద్దగా పెట్టింది. నిలబడి చదవాలి, తప్పదు.

ప్ర: నలుపు-తెలుపా, రంగులా? (ఫీనిక్స్)

జ: రంగుల్లో కష్టం కనబడదని కొందరి నమ్మకం. 1940లో స్ట్రైకర్ మనుషుల్లో ఒకరైన రసెల్ లీ పై టౌన్‌లో రంగుల ఫిల్మ్ మీద కూడా తీశారు. టెక్సస్, ఓక్లహోమా దుమ్ము నుంచి పారిపోయి వచ్చి, సగం నేలలోకి తవ్వుకున్న ఇళ్లలో ఉంటున్న రైతు కుటుంబాల ఊరు. ఎర్రమట్టి, వెలిసిన నీలం గౌన్లు, బల్లల మీద ఊరంతా తెచ్చిన వంటలు. రంగులు లేకపోతే ఆ గౌన్లు ఎన్నిసార్లు ఉతికినవో తెలియదు. ఏదైనా సరే. మొహాలు నల్లబడేలా కాంట్రాస్టు పెంచి దిగులు తెప్పించకండి, చాలు.

ప్ర: ఇలాంటి ఫొటోలకి ఏ కెమెరా కొనాలి? బడ్జెట్ రెండు వేల డాలర్లు. (ఆస్టిన్)

జ: మీ జేబులో ఉన్న ఫోను. ఆ రెండు వేలతో ప్రింట్లు వేయించండి, ఒక్కోటి రెండేసి కాపీలు. ఒకటి మీకు, ఒకటి ఫొటోలో ఉన్నవాళ్లకి. మీ కాపీ వెనక పేరు, ఊరు, తేదీ పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ వాడితే ఇటువైపు అచ్చు పడుతుంది.